నేల కింద నది లేదు

అపోహ: జియాలజీ అంటే రాళ్ల పేర్లు, యుగాల పేర్లు బట్టీ పట్టడమే.

వాస్తవం: పేర్లు నెలలో వచ్చేస్తాయి. విద్యార్థి ఖాళీ బుర్రతో రాడు, భూమి గురించి ఒక బొమ్మ ముందే గీసుకుని వస్తాడు. చిక్కంతా దానితోనే. పరీక్షలో పాఠం రాస్తాడు, మనసులో పాత బొమ్మే ఉంటుంది.

అపోహ: పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ చిక్కు ఉండదు.

వాస్తవం: 1987లో వచ్చిన 'ఎ ప్రైవేట్ యూనివర్స్' డాక్యుమెంటరీ కోసం హార్వర్డ్ స్నాతకోత్సవంలో 23 మందిని రుతువుల గురించో, చంద్రకళల గురించో అడిగారు. 21 మంది తప్పు చెప్పారు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరవుతుందన్నది వాళ్లలో వినిపించిన జవాబు. నిజానికి మనం సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, చలిలో వణుకుతున్నప్పుడు.

అపోహ: నేల పైపొర కింద అంతా లావా. ఫలకాలు దానిమీద తెప్పల్లా తేలుతున్నాయి.

వాస్తవం: పైపొర కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకూ ఉన్న పొర, మాంటిల్, ఇంచుమించు అంతా గట్టి రాయే. భూకంపాల ఎస్ తరంగాలు ద్రవంలోంచి పోలేవు, మాంటిల్‌లోంచి పోతాయి. ఇది చెప్పగానే విద్యార్థులు, "గట్టిరాయి ఎలా కదులుతుంది సార్?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే. ఎండాకాలం గూట్లో నిలబెట్టిన కొవ్వొత్తిని చూడమంటాను. కరగదు, చుక్క కారదు, అయినా సాయంత్రానికి నడుం వంచేస్తుంది. రాయికీ వేడి, ఒత్తిడి, కోట్ల ఏళ్ల తీరిక ఇస్తే అలాగే సాగుతుంది. ఎర్రరంగు పూసి మాంటిల్‌ని నిప్పుల మడుగులా చూపించే పుస్తకాల మీద నాకు కోపం.

అపోహ: కాలం సంగతి అంకెలు చెబితే అర్థమవుతుంది.

వాస్తవం: భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున గీత గీస్తే డెబ్భై ఏళ్ల మనిషి బతుకు ఏడు సెంటీమీటర్లు, భూమిది 4,540 కిలోమీటర్లు. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా గీసినా ఇంకా మిగులుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ కలిసే గీత ఉంది. ఆ గీతలో పదుల కోట్ల ఏళ్లు గల్లంతయ్యాయి. ఆ కాలానికి చెందిన, అక్కడ లేని రాయిని చూడగలగాలి, అదే కష్టం.

అపోహ: నేల కింద పాతాళగంగ పారుతుంది, బోరు దాన్ని అందుకోవాలి.

వాస్తవం: రైతుబిడ్డలు ఇంటి నుంచే తెచ్చుకునే బొమ్మ ఇది. తెలంగాణ గ్రానైట్ నేలల్లో నీరు ఉండేది మొరంలో, రాతి పగుళ్లలో. అందుకే ఒక బోరు పోస్తుంది, పక్క బోరు ఎండుతుంది. పాత దిగుడుబావి దగ్గరికి తీసుకెళ్తే చాలు. పైన ఎర్రమట్టి, కింద చేత్తో నలిగే మొరం, దాని కింద నల్లటి రాయి. మొరం రాయిని తాకే చోట చెమ్మ పట్టీ, ఒక్క పగులులోంచి సన్నటి ఊట, దాన్ని పట్టుకుని రెండు పచ్చటి మొక్కలు.