అంగారకుడి మీద గాలిని ఎలా కొలిచారు?

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టాలి. ముందుగా ఏం చేస్తారు? గుప్పెడు పొట్టు ఎగరేసి చూస్తారు. పొట్టు ఎటు పోతే గాలి అటు వీస్తున్నట్టు. దూరంగా పడితే గాలి జోరుగా ఉన్నట్టు.

మరి మనిషే లేని చోట గాలి సంగతి ఎలా తెలుస్తుంది?

ఆకాశంలో ఎర్రగా కనిపించే గ్రహం అంగారకుడు. కుజుడు అని కూడా అంటారు. అక్కడికి ఇంతవరకు మనుషులెవరూ వెళ్లలేదు. యంత్రాలే వెళ్లాయి. దిగిన చోటే ఉండి పనిచేసే యంత్రాన్ని ల్యాండర్ అంటారు.

అంగారకుడి మీద కూడా గాలి ఉంది. కానీ చాలా పలుచన. మన గాలిలో సుమారు నూరో వంతు. మన గాలి చిక్కటి పాలైతే, అది పాలగిన్నె కడిగిన నీళ్లు. అందుకే అది వేగంగా వీచినా గట్టిగా తోయదు. దాన్ని పట్టుకోవడానికి సున్నితమైన పరికరాలు కావాలి.

1976లో అమెరికా పంపిన రెండు వైకింగ్ ల్యాండర్లు అక్కడ దిగాయి. వేడి అన్నాన్ని విసనకర్రతో విసిరితే తొందరగా చల్లారుతుంది కదా! వైకింగ్‌లో వాడిన కిటుకు అదే. పుల్లలాంటి సన్నని పరికరాన్ని కరెంటుతో వేడి చేశారు. గాలి తగిలితే అది చల్లారుతుంది. వేడి తగ్గకుండా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో చూశారు. ఎక్కువ కరెంటు పడితే గాలి జోరు ఎక్కువన్నమాట.

2008లో ఫీనిక్స్ ల్యాండర్ దిగింది. దాని నిలువు కడ్డీకి తేలికైన చిన్న గొట్టాన్ని సన్నని దారాలతో వేలాడదీశారు. గాలికి గొట్టం ఒరుగుతుంది. కెమెరా ఫోటో తీస్తుంది. ఎటు ఒరిగిందో తెలియడానికి కింద అద్దం పెట్టారు. ఎంత ఒరిగితే ఎంత గాలో భూమి మీద ముందే పరీక్షించి ఉంచుకున్నారు.

గాలి కంటికి కనబడదు. అది కదిలించిన వస్తువే దాని జాడ చెబుతుంది. కళ్లంలో పొట్టు చేసే పని అక్కడ గొట్టం చేసింది.

ఇంత శ్రమ దేనికి? యంత్రాలను పారాచూట్లతో కిందికి దింపుతారు. గాలి వాటిని పక్కకు తోసేయవచ్చు. దుమ్ము లేపేదీ గాలే, ఊడ్చేదీ గాలే.

2018 నవంబరు 26న ఇన్‌సైట్ ల్యాండర్ దిగింది. అదీ గాలిని కొలిచింది. డిసెంబరు 1న గంటకు సుమారు 16 నుంచి 24 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఆ గాలికి ల్యాండర్ అదిరింది. ఆ అదురు వల్ల గాలి చప్పుడు కూడా భూమికి చేరింది.

ఇన్‌సైట్ ఎండతో కరెంటు చేసుకునేది. రానురాను దాని పలకల మీద దుమ్ము పేరుకుంది. కరెంటు తగ్గిపోయింది. 2022 డిసెంబరులో అది మూగబోయింది. ఒక్క మంచి గాలి వచ్చి ఆ దుమ్ము ఊడ్చి ఉంటే, ఇంకొన్నాళ్లు పనిచేసేది.