అండమాన్ ఖైదీల స్థావరం - పలాయనాలు

అండమాన్ ఖైదీల స్థావరం బంగాళాఖాతంలోని అండమాన్ దీవులలో బ్రిటిషు ప్రభుత్వం 1858లో నెలకొల్పిన శిక్షా కేంద్రం. ఇది 1945లో రద్దయినది. ఇక్కడికి పంపే శిక్షను ద్వీపాంతరవాసం అనేవారు. సముద్రం దాటితే కులం పోతుందనే భయం వలన ఉత్తరాదిలో దీనికి కాలాపానీ (నల్లనీరు) అనే పేరు వచ్చినది. సెల్యులర్ జైలు దీని చివరి దశకు చెందిన కట్టడం. తొలి దశలో ఇక్కడ ప్రహరీ గోడ లేదు. సముద్రము, అడవియే కావలి.

స్థాపన

1857 తిరుగుబాటు తరువాత వేలాది ఖైదీలను ఉంచుటకు దూరప్రదేశం అవసరమైనది. అంతకుముందు 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఇక్కడ ఏర్పరచిన వలస వ్యాధుల వలన 1796లో మూతపడినది. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరాడు. ఇతడు పూర్వం ఆగ్రా జైలు అధికారి. మొదట చాథం దీవిలో దిగినా, అక్కడ మంచినీరు చాలక రాస్ దీవికి మారారు. అడవి నరకడం ఖైదీల పని.

1858 నాటి పలాయనాలు

వచ్చిన కొద్ది రోజులకే పలాయనాలు మొదలైనవి. అడవికి అవతల బర్మా రాజ్యం ఉన్నదని, కొన్ని దినాలు నడిస్తే చేరవచ్చునని చాలామంది నమ్మారు. నిజానికి అండమాన్ ఉత్తరపు కొస నుండి కూడా బర్మా తీరం సముద్రం మీద సుమారు 190 కి.మీ. దూరం. చెన్నపట్నం దాదాపు 1,190 కి.మీ. పారిపోయినవారిలో అనేకులు ఆకలితోను, స్థానిక అండమానీయుల బాణాలకును మరణించారు. తిరిగి పట్టుబడినవారిలో ఎనభై మందికి పైగా వాకర్ ఉరి తీయించాడు. ఈ ఉరిశిక్షలను భారత ప్రభుత్వమే ఆక్షేపించి, నిలిపివేయమని ఆదేశించినది.

దూధ్‌నాథ్ తివారీ

పలాయనాలలో ప్రసిద్ధమైనది దూధ్‌నాథ్ తివారీది. ఇతడు 14వ బెంగాల్ పదాతిదళపు సిపాయి. 1858 ఏప్రిల్ 23న సుమారు 90 మందితో కలిసి రాస్ దీవి నుండి తెప్పలపై ప్రధాన దీవికి దాటాడు. మరికొందరు దారిలో కలిశారు. సుమారు రెండు వారాలు అడవిలో తిరిగిన తరువాత అండమానీయులు వారిని చుట్టుముట్టి చంపగా, గాయపడిన తివారీ బ్రతికాడు. అండమానీయులు అతనిని తమలో చేర్చుకొన్నారు. వారి భాష నేర్చి, అక్కడనే వివాహం చేసుకొని ఏడాదికి పైగా నివసించాడు.

1859 మేలో స్థావరం మీద దాడికి అండమానీయులు బయలుదేరగా, తివారీ ముందుగా వచ్చి అధికారులను హెచ్చరించాడు. అబర్డీన్ యుద్ధమని పిలిచే ఆ ఘర్షణలో విల్లంబులు తుపాకుల ముందు నిలువలేదు. తివారీకి క్షమాభిక్ష లభించినది. అతనికి ఆశ్రయమిచ్చినవారి స్థితి వేరు. తరువాతి దశాబ్దాలలో తట్టు, సవాయి వంటి కొత్త వ్యాధుల వలన గ్రేట్ అండమానీయులు వేల సంఖ్య నుండి క్షీణించి, 2011 జనగణన నాటికి 44 మంది మిగిలారు.

సెల్యులర్ జైలు

అడవి తగ్గి, అండమానీయులలో కొందరు బహుమతులకై పారిపోయినవారిని పట్టి ఇచ్చుటకు అలవాటు పడిన తరువాత పలాయనం మరింత కష్టమైనది. అయితే ఖైదీలకు ద్వీపాంతరవాసమంటే భయం పోయినదని 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్‌ల సంఘం అభిప్రాయపడినది. మొదట కొంతకాలం ఏకాంత నిర్బంధం ఉండాలని సూచించినది. దాని ఫలితమే 1896-1906 మధ్య నిర్మించిన సెల్యులర్ జైలు. మధ్య గోపురం నుండి ఏడు విభాగాలు చక్రపు ఆకుల వలె వ్యాపించినవి. గదులు 693. ఒక విభాగం ముఖం తరువాతి విభాగం వీపు వైపు ఉండుట చేత ఖైదీలు ఒకరినొకరు చూడలేరు. అనగా ఈ గోడల ఉద్దేశం మనిషిని మనిషి నుండి వేరు చేయుట.

దీనికి ఖైదీల సమాధానం నిరాహారదీక్ష. 1933 దీక్షలో బలవంతంగా పాలు పోయుట వలన మహావీర్ సింగ్ మరణించాడు. 1937లో జరిగిన పెద్ద దీక్ష తరువాత, 1938 నాటికి రాజకీయ ఖైదీలను స్వదేశపు జైళ్ళకు తరలించారు. పలాయనం సాధించలేనిది దీక్ష సాధించినది.

తెలుగువారు

అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన మన్యం పోరాటం (1922-24) ఖైదీలు కొందరు ఇక్కడికి పంపబడ్డారు. వారిలో గాం మల్లుదొర విడుదలై, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు. కాకినాడ బాంబు కేసు (1933)లో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా అండమాన్ ఖైదీయే. 2011 జనగణన ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం.

ప్రస్తుత స్థితి

1942 నుండి 1945 వరకు దీవులు జపాను ఆక్రమణలో ఉండినవి. జైలు ఏడు విభాగాలలో మూడు మిగిలినవి. 1979 ఫిబ్రవరి 11న దీనిని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. రాస్ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని, పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని పేర్లు మార్చారు.