ఆంగ్ల క్రమరహిత క్రియల భూతకాల రూపాలు: చారిత్రక వివరణ

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఆంగ్ల క్రియలు మూడు గడుల పట్టికగా పరిచయమవుతాయి. ‘గో – వెంట్ – గాన్’, ‘సింగ్ – స్యాంగ్ – సంగ్’ వంటి వాటిని వల్లె వేయడం తప్ప మార్గాంతరం లేదని బోధకులు కూడా భావిస్తుంటారు. నిజానికి వీటిలో అధికభాగం ఒకప్పటి నియమాలకు అవశేషాలు.

జర్మానిక్ భాషలలో భూతకాల నిర్మాణం రెండు విధాలు. మొదటిది ధాతువులోని అచ్చును మార్చడం. ‘సింగ్ – స్యాంగ్’, ‘డ్రైవ్ – డ్రోవ్’ ఈ కోవలోనివి. సంస్కృతంలోని గుణ, వృద్ధి భేదాలకు మూలమైన ఇండో-యూరోపియన్ స్వరభేదమే ఇక్కడా కనిపిస్తుంది. రెండవది ‘డ్’ లేదా ‘ట్’ ప్రత్యయాన్ని చేర్చడం. ఇది జర్మానిక్ శాఖలో కొత్తగా ఏర్పడిన పద్ధతి. యాకబ్ గ్రిమ్ మొదటివాటిని బలక్రియలు, రెండవవాటిని దుర్బలక్రియలు అన్నాడు.

‘కీప్ – కెప్ట్’, ‘మీట్ – మెట్’ జంటలు మరింత ఆసక్తికరమైనవి. ఇవి పుట్టుకతో క్రమక్రియలే. ప్రత్యయం చేరి రెండు హల్లులు కలిసినచోట ముందున్న దీర్ఘాచ్చు హ్రస్వమైంది. తరువాతి శతాబ్దాలలో ఆంగ్లంలో దీర్ఘాచ్చుల ఉచ్చారణ మారినప్పుడు ‘కీప్’ మారింది, హ్రస్వం గల ‘కెప్ట్’ మారలేదు. అంటే ఇక్కడ క్రమాన్ని చెరిపినవి ధ్వని నియమాలే. ‘వెంట్’ కథ వేరు: అది ‘వెండ్’ అనే మరొక క్రియకు భూతకాలం. ‘గో’ క్రియ తన పాత భూతకాల రూపాన్ని కోల్పోయి దానిని స్వీకరించింది.

2007లో ‘నేచర్’ పత్రికలో లీబర్‌మన్ తదితరులు ప్రకటించిన పరిశోధన ప్రాచీనాంగ్లంలోని 177 క్రమరహిత క్రియలను పరిశీలించింది. వాటిలో మధ్యాంగ్లం నాటికి 145, నేటికి 98 మాత్రమే క్రమరహితంగా మిగిలాయి. ‘హెల్ప్’ భూతకాలం ఒకప్పుడు ‘హోల్ప్’, నేడు ‘హెల్ప్‌డ్’. వాడుక నూరు రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు వేగంగా క్రమబద్ధమవుతుందని వారి నిర్ధారణ. నిత్యం నోట నలిగే రూపాలే చెక్కుచెదరవు. తెలుగులో ‘వచ్చాడు’, ‘రాలేదు’, ‘రా’ అనే రూపాలు పైకి పొంతన లేకున్నా, ఏ పట్టికా లేకుండానే పిల్లలకు పట్టుబడుతున్నాయి. (అన్నట్టు, ఆంగ్ల క్రియను అరువు తెచ్చుకున్నప్పుడు తెలుగు ఈ చిక్కులో పడదు. ‘డ్రైవ్ చేశాడు’ అంటామే గాని ‘డ్రోవ్ చేశాడు’ అనము.)

పట్టిక వల్ల కలిగే నష్టం వ్యతిరేక వాక్యంలో బయటపడుతుంది. ‘వెళ్ళాడు అంటే వెంట్’ అని స్థిరపడిన విద్యార్థి ‘డిడ్ నాట్ వెంట్’ అని రాస్తాడు. దీనిని మాతృభాషా ప్రభావంగా కొట్టివేయడం సరికాదు. ‘వెళ్ళలేదు’లోని ‘వెళ్ళ’ తుమున్నర్థక రూపం. అందులో భూతకాల ప్రత్యయం లేదు. ‘డిడ్ నాట్ గో’లోని ‘గో’ స్థితీ అదే. అక్కడ కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన నల్లబల్లపై రాసి చూపితే, తప్పు ఎక్కడుందో విద్యార్థి తనంతట తానే గుర్తించగలడు.