బాధకు తోడుమాటలు

రైలు ఆలస్యమైతే మన స్టేషన్లలో మైకు తెలుగులో ‘చింతిస్తున్నాము’ అని ఊరుకుంటుంది. ఇంగ్లిష్‌లో మాత్రం ‘డీప్లీ రిగ్రెటెడ్’ అంటుంది. రైల్వేవాళ్లు ఇంగ్లిష్‌లో ఎక్కువ బాధపడతారని కాదు. రిగ్రెట్ పక్కన డీప్లీ రావడం ఆ భాషకు అలవాటు. ఇలా కలిసి తిరిగే మాటలనే కొలొకేషన్లు అంటారు. 1950లలో ఈ భావనను భాషాశాస్త్రంలో నిలబెట్టిన జె.ఆర్. ఫర్త్, లండన్‌లో ఆచార్యుడు కాకముందు లాహోర్‌లో ఇంగ్లిష్ చెప్పినవాడే.

మనకూ ఇది కొత్త కాదు. వెక్కి వెక్కి ఏడుస్తాం, పకపకా నవ్వుతాం. ‘పకపకా ఏడ్చింది’లో వ్యాకరణం తప్పేమీ లేదు, అయినా చెవికి ఎక్కదు. ‘హెవీలీ డిసప్పాయింటెడ్’ కూడా ఇంగ్లిష్ చెవికి అలాంటిదే. హెవీలీ వానకు, తాగుడుకు బాగానే కుదురుతుంది, నిరాశకు కుదరదు.

నిరాశకు కుదిరేవాటిలో ముఖ్యమైనవి రెండు. గ్రూప్-1 ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉద్యోగం రానివాడు ‘బిటర్లీ డిసప్పాయింటెడ్’. చేతికందిన ముద్ద జారిపోయిన ఉక్రోషం అందులో ఉంటుంది. ‘డీప్లీ డిసప్పాయింటెడ్’ పెద్దమనిషి మాట. ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వాన్ని మర్యాద తప్పకుండా మందలించాలంటే ప్రకటనలో ఇదే వాడుతుంది. అందులో కన్నీళ్లకన్నా హెచ్చరిక పాలే ఎక్కువ. సంతాప సందేశాల్లోని ‘డీప్లీ సాడెన్డ్’ కూడా ఈ కుటుంబానిదే. అరిగిపోయిన మాటే, కానీ ఆ సమయంలో కొత్తదనం ఎవరూ ఆశించరు.

అన్నిటికీ ‘వెరీ’ తగిలించడం మనకు అలవాటు. ‘వెరీ సాడ్’ సరే, ‘వెరీ డెవస్టేటెడ్’ అతకదు. సర్వం కూలిపోయాక ఇంకా ‘చాలా’ ఏముంటుంది? అక్కడ ‘యట్టర్లీ’ కావాలి. ఏ మాట పక్కన ఏది నిలుస్తుందో చూపించడానికి 2002లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు విద్యార్థుల కోసం ఏకంగా ఓ నిఘంటువే వేశారు.

‘విత్ ఎ హెవీ హార్ట్’ను కూడా ప్రతి దిగులుకూ వాడకూడదు. ఇష్టం లేకపోయినా తప్పక తీసుకున్న నిర్ణయానికి అది ముందుమాట. అందుకే రాజీనామా లేఖల్లో తరచూ కనిపిస్తుంది.

అన్నిటికన్నా మనల్ని ఇరుకున పెట్టేది ‘ఫీల్ బ్యాడ్’. ‘వాడన్న మాటకు చాలా ఫీలయ్యాను’ అనే అలవాటులో ‘ఐ ఫెల్ట్ బ్యాడ్’ అనేస్తాం. అమెరికావాడికి అది చాలాసార్లు ‘తప్పు చేశానే అనిపించింది’ అన్నట్టు వినిపిస్తుంది. మాట పడ్డది మనం, తప్పు ఒప్పుకున్నట్టయ్యేదీ మనమే! అక్కడ ‘ఐ వాజ్ హర్ట్’ అంటే సరిపోతుంది.