వేటకుక్కకి హఠాత్తుగా చూపు పోతే...

హారోలో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కుక్కలు కనబడడం ఇప్పుడు వింతేమీ కాదు. లాబ్రడార్, కాకర్ స్పానియల్, స్ప్రింగర్ స్పానియల్, బీగిల్... పిల్లల పోరు పడలేక తెచ్చుకున్నవే ఎక్కువ. మనం వీటిని ఇంటికుక్కలుగానే చూస్తాం గానీ నిజానికి ఇవన్నీ వేట కోసం పెంచిన జాతులు. వీటికి ఎనిమిదో పదో ఏళ్ళు నిండాక వచ్చే కష్టాల్లో యజమానిని బాగా బెదరగొట్టేది చూపు పోవడం.

మా టెస్ ఒక స్ప్రింగర్ స్పానియల్. మా పొరుగాయన ఒకరు నెమలికోళ్ళ వేటకి దాన్ని తర్ఫీదు చేశారు. ఆయన వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతూ ఆరేళ్ళ టెస్ ని మాకు అప్పగించారు. పదో ఏట, మూడు వారాల్లో దాని చూపు పూర్తిగా పోయింది. ఆ సమయంలో తెలుసుకున్న విషయాలు మరొకరికి పనికొస్తాయని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఒకటుంది. చూపు తగ్గిందన్న అనుమానం వస్తే వారాంతం దాకా ఆగకండి, ఆ రోజే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఎందుకంటే చూపు పోవడానికి కారణం ఒకటి కాదు. కొన్ని కారణాలకి గంటల్లో వైద్యం అందితేనే ఫలితం ఉంటుంది. కన్ను ఎర్రబడి, పైన నీలంగా మబ్బు కమ్మినట్టు ఉండి, కుక్క ఆ కన్ను మూసుకుంటూ ఉంటే అది గ్లాకోమా కావచ్చు. మన ఊళ్ళల్లో నీటికాసులు అంటారే, అదే. కుక్క కంట్లో ఒత్తిడి మామూలుగా 10 నుంచి 25 మధ్య ఉంటుంది. ఇది హఠాత్తుగా 50 దాటిందంటే ఒకటి రెండు రోజుల్లోనే కంటినరం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. పైగా విపరీతమైన నొప్పి. కాకర్ స్పానియల్స్, బాసెట్ హౌండ్స్ లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది.

రెండోది రక్తపోటు. ముసలి కుక్కల్లో మూత్రపిండాల జబ్బు వల్లనో, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు వల్లనో రక్తపోటు పెరిగి, కంటి వెనక ఉండే రెటీనా పొర ఊడి వచ్చేస్తుంది. పై అంకె 160 దాటితే జాగ్రత్త పడాలి. త్వరగా మందు పడితే ఆ పొర మళ్ళీ అతుక్కుని కొంత చూపు తిరిగిరావచ్చు. షుగరు ఉన్న కుక్కలకి శుక్లాలు కొద్ది రోజుల్లోనే తెల్లగా ముదిరిపోతాయి. వీటికి ఆపరేషన్ ఉంది. కంటినరం వాపుకీ మందులున్నాయి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. చాలాసార్లు చూపు "హఠాత్తుగా" పోదు, మనకి హఠాత్తుగా తెలుస్తుంది! పి.ఆర్.ఎ. అనే వంశపారంపర్య జబ్బులో మొదట రాత్రిచూపు, తర్వాత పగటిచూపు నెలల తరబడి తగ్గుతూ వస్తాయి. కుక్కకి ఇల్లంతా కంఠతా వచ్చు కాబట్టి ఎవరికీ తెలియదు. ఒకరోజు సోఫా పక్కకి జరిపితే అప్పుడు బయటపడుతుంది. ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చెయ్యవచ్చు. దాని ముఖం ముందు నుంచి ఒక దూదిఉండని కిందికి వదలండి. దూదికి చప్పుడుండదు, వాసనా పెద్దగా ఉండదు. కుక్క తల దాని వెంట తిరగకపోతే అనుమానించాల్సిందే. చెయ్యి ఊపి చూస్తే మాత్రం లాభం లేదు, గాలి తగిలి పసిగట్టేస్తుంది.

మా టెస్ విషయంలో ఇవేవీ కాదు. కళ్ళు ఎర్రబడలేదు, నొప్పి లేదు. కంటిపాపలు మాత్రం పెద్దవైపోయి, ఫోటో తీస్తే దీపాల్లా మెరిసేవి. దానికి తోడు తెగ దాహం, తెగ ఆకలి. మా వెట్ రక్తపోటు, రక్తపరీక్షలు చూసి కంటి నిపుణులకి రాసిచ్చారు. లండన్ ఉత్తరాన ఉండేవాళ్ళకి అలాంటి నిపుణులు దొరికే చోట్లలో పాటర్స్ బార్ దగ్గరున్న క్వీన్ మదర్ హాస్పిటల్ ఒకటి. ఇది 1791లో మొదలైన రాయల్ వెటర్నరీ కాలేజీది. నేరుగా వెళ్ళడానికి లేదు, మన వెట్ చీటీ కావాలి.

తేలిన జబ్బు పేరు సార్డ్స్. ఇందులో రెటీనాలో వెలుగుని పట్టే కణాలు ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేస్తాయి. విచిత్రమేమిటంటే మొదట్లో డాక్టరు లోపలికి చూసినా రెటీనా శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకని ఇ.ఆర్.జి. అనే పరీక్ష చేస్తారు. ఇది గుండెకి తీసే ఇ.సి.జి. లాంటిదే. కంట్లోకి వెలుగు మెరిపించి రెటీనా ఇచ్చే విద్యుత్ సంకేతాన్ని కొలుస్తారు. సార్డ్స్ లో అది గీత గీసినట్టు వస్తుంది. మా వృత్తివాళ్ళ భాషలో చెప్పాలంటే లెన్సు బాగుంది, కేబులు బాగుంది, సెన్సారు పోయింది. ఎర్ర వెలుగుకి కదలని కంటిపాప నీలి వెలుగుకి ముడుచుకోవడం కూడా దీని గుర్తు. చూపుతో సంబంధం లేని వేరే కణాలు ఆ నీలి వెలుగుని పట్టుకుంటాయట. ఇది నాకు భలే ఆశ్చర్యం వేసింది. 1980ల నుంచి తెలిసిన జబ్బే అయినా కారణం ఇదీ అని తేలలేదు, రుజువైన మందూ లేదు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఫోన్లో ఇండియా నుంచి ఒకరు, ఇక్కడి నుంచి ఒకరు, "గుడ్డిదైపోయింది కదా, దాన్ని కష్టపెట్టడం ఎందుకు, ఇంజెక్షన్ ఇప్పించెయ్యరాదూ" అన్నారు. వాళ్ళది కఠినత్వం కాదు, జాలే. కానీ ఈ జబ్బులో నొప్పి లేదు. 2013లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో సార్డ్స్ వచ్చిన 100 కుక్కల యజమానుల్ని అడిగితే 95 మంది, ఈ కారణంతో ప్రాణం తీయించవద్దనే అన్నారు. నొప్పి తగ్గని గ్లాకోమా సంగతి వేరు. అక్కడ కూడా చూపు లేని కన్ను తీసేస్తే కుక్క హాయిగా ఉంటుంది.

వేటకుక్క అన్నప్పుడు అది దేనితో వేటాడుతుందో చూడాలి. తమిళనాడులో తెలుగు మాట్లాడే రాజుల ఊరు రాజపాళయం. ఆ ఊరి పేరు పెట్టుకున్న తెల్లని జాగిలం కంటితో వేటాడి పరుగుతో పట్టే జాతి. 2005లో భారత తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. అలాంటి జాతికి చూపు పోవడమంటే పనిముట్టు పోవడమే. స్పానియల్ అలా కాదు. పొదల్లో, కనబడని చోట, గాలి వాలు చూసుకుంటూ ముక్కుతో వెతకడమే దాని వృత్తి. బీగిల్ కూడా అంతే. అంటే దాని పనిముట్టు ఇంకా దాని దగ్గరే ఉందన్నమాట!

టెస్ మొదటి నెలంతా ఒక మూల పడుకునేది. దాన్ని లేపింది పాత యజమాని ఇచ్చిన ఈలే. ఈ దేశంలో వేటకుక్కలకి ఒక పొడుగాటి ఈల అంటే "ఆగి కూర్చో", పొట్టి ఈలలు వరసగా వేస్తే "వెనక్కి రా". చూపున్నప్పుడు నేర్చిన ఈ రెండూ చూపు పోయాక దానికి కళ్ళయ్యాయి. మేము వాడే పాత టెన్నిస్ బంతిని గడ్డిలో దాచి, గాలి దాని వైపు వీచేలా నిలబెట్టి వెతకమంటాం. అటూ ఇటూ తిరుగుతూ పట్టేస్తుంది. రోజుకి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత అది పడుకునే పడక వేరు, దిగులుతో పడుకునే పడక వేరు.

ఇంట్లో చెయ్యవలసినవి చిన్నవే. సామాను కదపకూడదు. నీళ్ళగిన్నె ఒకే చోట ఉండాలి. మెట్ల దగ్గర గరుకు పట్టా వేస్తే కాలికి తెలుస్తుంది. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి, లేకపోతే ఉలిక్కిపడి కరిచే ప్రమాదముంది. ఆర్నెల్లు ఉండడానికొచ్చిన మా అమ్మ దానికి "మెట్టు", "ఆగు" అని తెలుగులోనే నేర్పింది. ఇప్పుడు ఇంగ్లీషులో "స్టెప్" అంటే చెవి కూడా కదపదు!

బయట మాత్రం లీడ్ విప్పకూడదు. హెడ్‌స్టోన్ మేనర్ చుట్టూ ఇప్పటికీ నీళ్ళున్న కందకం ఉంది, పిన్నర్ మెమోరియల్ పార్కులో బాతుల చెరువుంది. బెంట్లీ ప్రయరీ వైపు వెళ్తే కంచె అవతల జింకలుంటాయి. వాసన తగిలితే వేటకుక్కకి గుడ్డితనం గుర్తుండదు. పది మీటర్ల తాడు, మెడకి కాకుండా ఒంటికి కట్టే హార్నెస్ ఉంటే మంచిది. మిగతా కుక్కల యజమానులకి దూరం నుంచే విషయం చెప్పెయ్యాలి.

మన ఇళ్ళకి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. ఒకటి చెప్పులు. ఉగాదికి పది కుటుంబాలు వస్తే గుమ్మంలో ముప్పై జతలు! టెస్ దారి అదే. అందుకని ఆ రోజు చెప్పులన్నీ గరాజులోకి. రెండోది కింద పడే తిండి. చూపు లేని కుక్క ముక్కుతో నేలంతా ఊడుస్తుంది, పైగా సార్డ్స్ లో ఆకలి ఎక్కువ. పాయసంలో కిస్మిస్ లు, కూరలో ఉల్లిపాయ కుక్కలకి విషంతో సమానం. పిల్లలకి ఎంత చెప్పినా ఒకటో రెండో జారుతూనే ఉంటాయి. పండగరోజు వంటింటి గుమ్మానికి ఒక స్టెయిర్ గేట్ బిగించేస్తే ఆ బెంగ ఉండదు.