శీలావతి గంజాయి అంటే ఏంటి? మందుగా పనికొస్తుందా?

విశాఖలో గంజాయి పట్టుబడితే తరచూ వినిపించే పేరు.. శీలావతి. ఏజెన్సీ కొండల్లో పండే రకానికి ఇది వాడుక పేరు. అయితే ఇండికా, సటైవా అన్న పేర్లను బట్టి మత్తు ఎంతో చెప్పలేం. అసలు తేడా జన్యువుల్లోనే ఉంది. వాటిని బట్టే మొక్కలో టీహెచ్‌సీ ఎక్కువా, సీబీడీ ఎక్కువా అన్నది తేలుతుంది. మత్తెక్కించేది టీహెచ్‌సీ. డోసు పెరిగితే గుండెదడ, ఆందోళన, భ్రమలు రావొచ్చు. సీబీడీతో ఆ మత్తు ఉండదు. శుద్ధి చేసిన సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్ మందుకు, కొన్ని అరుదైన మూర్ఛ వ్యాధుల కోసం 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది. మరి రోడ్డు మీద దొరికే ప్యాకెట్? అందులో ఏది ఎంతుందో కొన్నవాళ్లకు తెలియదు. అది మందు కాదు. ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలోలోపు దొరికినా ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు!