టోక్యో వీధుల్లో గోకార్ట్ విహారం

టోక్యో: శరదృతువు ప్రవేశించి ఎండ తీవ్రత తగ్గుముఖం పట్టగానే జపాన్ రాజధానిలో ఒక వింత ఊరేగింపు కానవస్తుంది. ముందు గైడు, వెనుక రంగురంగుల వేషాలు ధరించిన విదేశీ పర్యాటకులు గోకార్టులు నడుపుకొంటూ షిబుయా కూడలి దాటి, 333 మీటర్ల టోక్యో టవర్ దిశగా సాగిపోతారు. నేలకు జానెడు ఎత్తున కూర్చున్నవారికి పక్కన ఆగిన లారీ చక్రమే తలతో సమానంగా ఉంటుంది. వారికి నగరం కొత్తగా కనిపించవచ్చు. లారీ డ్రైవరుకు వారు కనిపిస్తున్నారా అన్నదే ప్రశ్న.

ఈ భయం నిరాధారమైనది కాదు. ప్రమాదాలు జరిగిన దరిమిలా సీటు బెల్టులు, ఇతర వాహనదారులకు కనబడే ఎత్తులో దీపాలు అమర్చాలని ప్రభుత్వం నిబంధనలు విధించింది.

కాగా, తమ 'మారియో కార్ట్' పాత్రల వేషాలను అద్దెకిస్తున్నారంటూ వీడియోగేమ్ సంస్థ నింటెండో 2017లో 'మారికార్' సంస్థపై దావా వేసింది. 2018లో టోక్యో జిల్లా కోర్టు కోటి యెన్ల పరిహారం విధించగా, 2020 జనవరిలో మేధోసంపత్తి హైకోర్టు దానిని 5 కోట్లకు పెంచింది. అదే డిసెంబరులో సుప్రీంకోర్టు అప్పీలును తోసిపుచ్చింది. వేషాలు మారాయి గానీ విహారాలు ఆగలేదు.

1949 జెనీవా ఒప్పందం ప్రకారం జారీ అయిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉంటే విదేశీయులకు కార్టు ఇస్తారు. భారత్ ఆ ఒప్పందంలో భాగస్వామి. పైగా జపాన్‌లోనూ వాహనాలు ఎడమవైపే నడుస్తాయి కనుక మనవారికి తడబాటు తక్కువే. అయితే సెప్టెంబరు అక్కడ తుపానుల కాలం. కార్టుకు పైకప్పు ఉండదు.